పాత ఫిషింగ్ రీలు: పన్నెండు పక్కా చిట్కాలు

కొత్త రీలుతో చేపలు పట్టడం ఎవరైనా చేస్తారు. షాపుకెళ్ళాలి, డబ్బు కట్టాలి, చెరువు గట్టున కూర్చోవాలి, చేప పడితే ఇంటికి తెచ్చుకోవాలి. ఇంతే కదా! ఇందులో మీ గొప్పేముంది? అదే డెబ్భై ఏళ్ళ నాటి రీలు కొన్నారనుకోండి, చేప పడిందా లేదా అని ఎవరూ అడగరు. "అబ్బో, ఇది ఎక్కడ దొరికిందండీ?" అని అడుగుతారు. మనకి కావలసింది ఆ "అబ్బో". చేపలే కావాలనుకునేవాళ్ళు ఈ పేజీ తిప్పేసి వంటల శీర్షికకి వెళ్ళిపోవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ భాగ్యం మరీ దగ్గర. వేసవిలో శనివారం పొద్దున్నే ఏ వీధిలోకి వెళ్ళినా ఎవరో ఒకరు గరాజ్ తలుపెత్తి, తాతల నాటి సామానంతా బల్లల మీద పరిచి అమ్ముతూ ఉంటారు. గోల్ఫ్ కర్రల పక్కన, పగిలిన పూలకుండీ వెనక, వెతికితే ఒక పాత రీలు దొరుకుతుంది. కింద చెప్పినవి వరసగా పాటించండి. ఏ ఒక్కటి వదిలేసినా ఆ రీలు పనిచేసే ప్రమాదం ఉంది.

1. నాలుగు పేర్లు బట్టీ పట్టండి. అంతకు మించి చదవకండి.

హార్డీ, ఆబూ, మిచెల్, పెన్. ఒక్కోదానికి ఒక్కో వాక్యం చాలు. ఇంగ్లండులో ఆనిక్ అనే ఊళ్ళో హార్డీ అన్నదమ్ములు 1891లో "పర్ఫెక్ట్" రీలు తెచ్చారు. స్వీడన్‌లో ఒకప్పుడు టాక్సీ మీటర్లు చేసుకున్న ఆబూ కంపెనీ 1950లలో ఎర్రగా మెరిసే "అంబాసడర్ 5000" తెచ్చింది. మిచెల్ 300 ఫ్రాన్సులో, ఆల్ప్స్ కొండల్లో గడియారాల పనికి పేరున్న క్లూజ్ అనే ఊళ్ళో పుట్టింది. పెన్ కంపెనీని ఒట్టో హెంజ్ 1932లో ఫిలడెల్ఫియాలో పెట్టాడు. ఈ నాలుగూ గడగడా అప్పజెప్పండి. ఐదో ప్రశ్న ఎవరైనా అడిగితే ఫోను మోగినట్టు లేచి పక్కకి వెళ్ళండి.

ఒక విషయం మీరు గమనించే ఉంటారు. రీళ్ళ చరిత్ర నిండా గడియారాలవాళ్ళే. అమెరికాలో 19వ శతాబ్దం మొదట్లో కెంటకీలో మొదటి గేరు రీళ్ళు చేసిన జార్జ్ స్నైడర్ కూడా వాచీలు బాగుచేసేవాడే. అంత సున్నితమైన పనితనం కదా అని భయపడకండి. చిన్నప్పుడు మీ నాన్నగారి హెచ్‌ఎంటీ వాచీ విప్పారు. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?

2. అమ్మే పెద్దాయన్ని నోరు విప్పనివ్వకండి.

ఆయన ఆ రీలుని నలభై ఏళ్ళు వాడి ఉంటాడు. ఎంత లావు దారం పడుతుందో, ఏ స్ప్రింగు తొందరగా విరుగుతుందో, ఏ నూనె వెయ్యాలో అన్నీ చెప్పాలని చూస్తాడు. వింటే తెలిసిపోతుంది. తెలిస్తే జాగ్రత్త పడాల్సి వస్తుంది. కాబట్టి ఆయన "ఒక్క మాట..." అనగానే "తుప్పు పట్టింది కదా, ఎంతకిస్తారు?" అనండి.

ఆయన మెత్తబడి లోపల్నించి ఇంకా తెస్తాడు: రీలు వచ్చిన అట్టపెట్టె, దాని కాగితాలు, ఒక విడి స్పూలు, విప్పడానికి కంపెనీ ఇచ్చిన చిన్న రెంచి. మోసపోకండి. "ఇవన్నీ నాకెందుకండీ, ఇవి మీరే ఉంచుకుని రెండు డాలర్లు తగ్గించండి" అని గట్టిగా బేరం చెయ్యండి. పెట్టె, కాగితాలు ఉన్న రీలుకే సేకరించేవాళ్ళు ఎక్కువ పెడతారన్నది వాళ్ళ బలహీనత. మీరు రెండు డాలర్లు మిగిల్చారు. అవే పెట్టె, అవే కాగితాలు తర్వాత కావాలనిపిస్తే ఆన్‌లైన్‌లో రీలు ధరకే విడిగా దొరుకుతాయి.

3. పరీక్ష చెయ్యకండి. చేసినట్టు కనిపించండి.

రీలుని కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక కన్ను మూసి "ఊఁ" అనండి. హ్యాండిల్ మాత్రం తిప్పకండి. తిప్పితే కరకరమని చప్పుడొస్తుంది, మనసు చెడుతుంది. దారం జారే చోట ఏళ్ళ తరబడి ఒరుసుకుని గాడి పడి ఉంటే గోరుతో తడిమితే తెలిసిపోతుంది. అక్కడ గాడి ఉంటే కొత్త దారం రెండు రోజుల్లో పీచులు లేస్తుందట. అందుకని గోళ్ళు కొరుక్కుని వెళ్ళండి.

బోర్లా తిప్పి కూడా చూడకండి. 1970ల మధ్య నుంచి వచ్చిన ఆబూ అంబాసడర్లకి అడుగున, కర్రకి బిగించే చోట, అంకెలుంటాయి. ఆ అంకెల మొదట్లోనే తయారైన సంవత్సరం, నెల ఉంటాయి. అమ్మేవాడు 1955 అన్నది తిప్పి చూస్తే 1978 అవుతుంది. చేతులారా ఇరవై మూడేళ్ళు పోగొట్టుకుంటామా?

మిచెల్ కొనేటప్పుడు ఒక కిటుకు. పక్కపక్కన 300, 301 ఉంటే 301 తీసుకోండి. ఒకటి ఎక్కువ కదా. అది ఎడమచేతి వాటం వాళ్ళ కోసం చేసినదని, హ్యాండిల్ రెండో పక్కన ఉంటుందని ఎవరైనా అంటే "రెండు చేతులూ ఉన్నాయిగా" అనండి.

4. ఆన్‌లైన్ వేలం అర్ధరాత్రి దాటాకే పాడండి.

పగలు పాడితే ధర గుర్తుంటుంది. రాత్రి రెండు గంటలకి, నిద్రమత్తులో, చివరి పది సెకన్లలో కొట్టిన అంకెకి ఉండే ధైర్యమే వేరు. మసగ్గా ఉన్న ఫొటోలనే ఎంచుకోండి. మసగ్గా ఉంటే తుప్పు కనిపించదు, కనిపించని తుప్పు లేనట్టే లెక్క. అమ్మేవాళ్ళ మాటలకి అర్థాలు ఇలా చెప్పుకోండి. "వయసుకి తగ్గట్టుంది" అంటే కొత్తదానిలా ఉందని. "హ్యాండిల్ కొంచెం బిగువు" అంటే దృఢంగా ఉందని. "రీళ్ళ గురించి నాకేమీ తెలియదు" అంటే పాపం అమాయకుడని, మీ చేతిలో మోసపోవడానికి సిద్ధంగా ఉన్నాడని.

పోటీని తట్టుకోవడానికి ఇంకో ఎత్తు. మీ తరఫున మీ బావమరిదిని కూడా పాడమనండి. ఎంతవరకు పాడాలో మాత్రం చెప్పకండి, ఆశ్చర్యం పోతుంది. ఆయన హ్యూస్టన్‌లో, మీరు న్యూజెర్సీలో కూర్చుని, మిగతా వాళ్ళంతా తప్పుకున్నాక కూడా ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోవచ్చు. రీలు మన కుటుంబంలోనే ఉంటుంది. ధర ఎంతయినా బయటివాడికి పోలేదన్న తృప్తి మిగులుతుంది.

5. రీలుకి ఒక కథ తగిలించండి.

కథ లేని పాత రీలు ఒట్టి ఇనుము. ముందుగా వంశం. "మా తాతగారిది" అనండి. తాతగారు శాకాహారి అయినా, ఊరి చెరువు దాటి ఎరగకపోయినా ఫరవాలేదు. ఆయన ఫొటో పక్కన రీలు పెట్టి హాల్లో అలంకరించండి. ఇండియా నుంచి మీ అమ్మగారు వచ్చినప్పుడు మాత్రం ఫొటో తీసెయ్యండి.

పేరుని బట్టి కూడా కథ అల్లుకోవచ్చు. 1897లో మిషిగన్ రాష్ట్రం కాలమజూ ఊళ్ళో విలియమ్ షేక్స్‌పియర్ జూనియర్ అనే ఆయన రీళ్ళ కంపెనీ పెట్టాడు. రీలు మీద షేక్స్‌పియర్ అనే ఉంటుంది. "జూనియర్" సంగతి దాచి, నాటకాలు రాయగా మిగిలిన తీరికలో ఆయన స్వయంగా చేశాడని చెప్పండి. తెలుగు సంఘం పిక్నిక్‌లో ఇది బాగా పనిచేస్తుంది. ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరైనవాళ్ళు లేని బల్ల చూసుకోండి.

ఇంతకన్నా రుచైన కథ జెబ్‌కోది. ఓక్లహోమాలోని టల్సాలో చమురు బావుల్లో పేల్చడానికి టైం బాంబులు చేసే "జీరో అవర్ బాంబ్ కంపెనీ" ఉండేది. దాని దగ్గరికి ఆర్. డి. హల్ అనే టెక్సస్ వాచీల పనివాడు ఒక రీలు నమూనాతో వెళ్ళాడు. 1949లో వాళ్ళు రీళ్ళలోకి దిగారు. ఆ పాత పేరు కుదించగా వచ్చిందే జెబ్‌కో. 1954లో వచ్చిన వాళ్ళ మోడల్ 33 అమెరికాలో మూడో ఇంట్లోనో నాలుగో ఇంట్లోనో దొరికేంత మామూలు వస్తువు. మీరు మాత్రం "బాంబులవాళ్ళ రీలు" అని పదింతలు పెట్టి కొనండి. ఇండియాకి తీసుకెళ్తుంటే విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఈ కథ మొదటి నుంచీ చెప్పండి. మీకు ప్రత్యేకంగా గది ఇచ్చి మరీ శ్రద్ధగా వింటారు.

మన దేశం కథే కావాలంటే కబిని ఉంది. 1946లో మైసూరు దగ్గర ఆ నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌండ్ల మహసీర్ చేపని గాలంతో పట్టాడు. ఆ రీలు మీ చేతిలోదేనని చెప్పండి. "ఇది 1960లలో తయారైంది కదండీ" అని ఎవరైనా నసిగితే "ఆయన ముందుచూపున్న మనిషి" అనండి.

6. తళతళలాడే దాకా తోమండి.

ఇది చాలా ముఖ్యం. పాత హార్డీ రీళ్ళ మీద ముదురు సీసపు రంగు పూత ఉంటుంది. వందేళ్ళు చేతులు మారినా ఆ పూత మిగిలి ఉంటే సేకరించేవాళ్ళు ఎగబడతారు. పిచ్చివాళ్ళు. మీరు చింతపండు గుజ్జు, పీతాంబరి పొడి, స్టీలు పీచు తీసుకుని, పండగ ముందు ఇత్తడి బిందెని తోమినట్టు తోమండి. పాత పర్ఫెక్టుల ఇత్తడి ముఖం మీద గాలపుకర్ర పట్టుకున్న చెయ్యి బొమ్మ చెక్కి ఉంటుంది. కర్ర అరిగే దాకా ఒక విడత, చెయ్యి అరిగే దాకా ఇంకో విడత. ఇప్పుడది మొన్న కొన్న వస్తువులా మెరుస్తుంది. పాతది అని ఎవరూ నమ్మకపోవచ్చు. అందుకే ఐదో చిట్కాలో కథ ముందే సిద్ధం చేసుకోమన్నాను.

తర్వాత నూనె. రీలు నూనె కోసం షాపుకి వెళ్ళడం దండగ. వంటింట్లో కొబ్బరినూనె ఉంది. లోపలున్న పాత గ్రీజంతా కిరసనాయిలుతో కడిగేసి నిండా పొయ్యండి. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి దిగితే పేరుకుంటుందన్న సంగతి మీకు తలంటుల వల్ల తెలుసు, రీలుకి తెలియదు. ఏప్రిల్ నెల పొద్దున్నే మిషిగన్ సరస్సు ఒడ్డున హ్యాండిల్ రాయిలా బిగుసుకుపోతే పక్కవాళ్ళతో "అప్పటి రీళ్ళు ఇలాగే గట్టిగా ఉండేవి" అనండి. ఆముదం కూడా మంచిదే. అది ఏళ్ళు గడిచే కొద్దీ జిగురై గేర్లని అంటి పెట్టుకుని ఉంటుంది. మళ్ళీ విప్పే బాధ ఉండదు.

7. అయినా విప్పండి.

ఫొటోలు తీసుకోకండి. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద రాసుకోకండి. జ్ఞాపకశక్తిని నమ్మండి. సరిపోయే స్క్రూడ్రైవరు కోసం వెతక్కుండా వెన్న రాసుకునే కత్తి తెచ్చుకోండి. ఆ పాత స్క్రూల గాడి సన్నగా ఉంటుంది. రెండు తిప్పుల్లో గాడి గుండ్రటి గుంట అవుతుంది. ఇక ఎవరూ విప్పలేరు, దొంగల భయం లేదు.

చోటు ఎంచుకోవడంలోనే ఉంది నేర్పంతా. బల్ల మీద, తెల్లటి పళ్ళెంలో విప్పేది చాదస్తులు. మీరు హాల్లో మెత్తటి కార్పెట్ మీద కూర్చోండి. కొన్ని పాత పర్ఫెక్టులలో బాల్ బేరింగు గుండ్లు విడివిడిగా ఉంటాయి. డ్రమ్ము పైకి లాగగానే అవి నాలుగు దిక్కులా పోతాయి. కంగారు పడి వెతక్కండి. వాక్యూమ్ క్లీనరు వేసినప్పుడు ఒక్కోటీ టకటకా దొరుకుతుంది. ఆబూ అంబాసడర్‌లో రెండు బుల్లి బ్రేకు ముక్కలుంటాయి, స్పూలు మరీ వేగంగా తిరక్కుండా. ముక్కుపుడక రాయి కన్నా కాస్త పెద్దవి. తుమ్ము వచ్చేటట్టున్నప్పుడే వాటిని బయటికి తియ్యండి.

బిగించాక కొన్ని మిగులుతాయి. మిగలాలి. మిగలకపోతే మీరు సరిగ్గా విప్పలేదన్నమాట. కంపెనీవాళ్ళు ముందుజాగ్రత్తగా రెండు స్క్రూలు, ఒక స్ప్రింగు ఎక్కువే వేస్తారు. వాటిని మసాలా డబ్బాలో, ఆవాల గిన్నెలో దాచండి.

8. (ఈ చిట్కా వ్యాసం విప్పి మళ్ళీ బిగించేటప్పుడు ఎక్కడో పడిపోయింది. అది లేకపోయినా తిరుగుతూనే ఉంది.)

9. దారం మార్చకండి. మారిస్తే తప్పుడుది ఎక్కించండి.

నైలాన్ రాకముందు నార దారం, పట్టు దారం వాడేవారు. ప్రతిసారీ విప్పి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేవి. పాత రీలుతో పాటు ఆ దారం కూడా వస్తే అలాగే ఉంచండి. తడిగానే చుట్టి, కలరా ఉండలు వేసిన బీరువాలో పెట్టండి. మొదటి చేపకే తెగుతుంది. "పెద్దది, తెంపుకుపోయింది" అనే గౌరవం మీకు దక్కుతుంది.

ఆధునికంగా వెళ్ళాలనుకుంటే రెండు దారులు. పాత పెన్ రీళ్ళలో కొన్నింటికి ప్లాస్టిక్ స్పూళ్ళు ఉంటాయి, నార దారం రోజుల్లో చేసినవి. వాటికి నైలాన్ దారం బాగా బిగించి చుట్టండి. చేపతో పెనుగులాడినప్పుడు సాగిన నైలాన్ తర్వాత ముడుచుకుంటూ స్పూలుని నొక్కుతుంది. ఫట్‌మని పగిలినప్పుడు వచ్చే చప్పుడు ఏ కొత్త రీలూ ఇవ్వలేదు. లేదా నున్నటి లోహపు స్పూలుకి కింద ఏ పొరా లేకుండా నేరుగా బ్రెయిడ్ దారం చుట్టండి. అది మొత్తంగా జారుతూ తిరుగుతుంది. మీరు ఎంత చుట్టినా చేప ఉన్నచోటే ఉంటుంది, మీరూ ఉన్నచోటే ఉంటారు. శ్రమ లేదు.

10. నీటి దగ్గర దర్జాగా ఉండండి.

అంబాసడర్‌తో విసిరేటప్పుడు బొటనవేలితో స్పూలుని అదుపు చెయ్యాలంటారు. వేలికి పని పెట్టకండి. ఎదురుగాలి చూసుకుని బలమంతా పెట్టి విసరండి. బ్రేకు ముక్కలు ఎలాగూ కార్పెట్‌లో ఉన్నాయి. ఎర ఆగిపోతుంది, స్పూలు ఆగదు. దారమంతా లేచి తల దువ్వని చిన్నపిల్ల జుట్టై కూర్చుంటుంది. ఇక సాయంత్రం దాకా చిక్కు విప్పుకుంటూ నీడలో కూర్చోవచ్చు. ఎవరూ మిమ్మల్ని గ్రిల్ దగ్గర పనికి పిలవరు.

సాహసవంతులు ఇంకా పాతవి, డ్రాగ్ (చేప లాగితే దారాన్ని బిగువుగా వదిలే ఏర్పాటు) లేనివి కొనాలి. 1913లో కాలిఫోర్నియాలో కాటలీనా దీవి దగ్గర విలియమ్ బోషెన్ అనే ఆయన కత్తిచేపని పట్టిన రీలుకి స్టార్ డ్రాగ్ ఉంది. అంతకు ముందు రీళ్ళలో చేప లాగితే హ్యాండిల్ కూడా వెనక్కి గిర్రున తిరిగేది, వేళ్ళ కణుపులు చితికేవి. అలాంటిదే వాడండి. చేప లాగగానే హ్యాండిల్ గట్టిగా పట్టుకోండి. సోమవారం ఆఫీసులో టైపు చెయ్యలేకపోవడానికి డాక్టరు కాగితంతో సహా కారణం దొరుకుతుంది.

లైసెన్సు తీసుకోవడం గురించి చాలామంది అడుగుతుంటారు. వార్డెన్ వచ్చి అడిగితే రీలు చూపించండి. "దీంతో చేప పడే అవకాశం లేదండీ" అనండి. ఆయన హ్యాండిల్ తిప్పి చూసి ఒప్పుకుంటాడు. జరిమానా మాత్రం రాస్తాడు. ఆ రసీదు మీద తేదీ, సరస్సు పేరు స్పష్టంగా ఉంటాయి కాబట్టి మీరు నిజంగానే చేపలకి వెళ్ళారనడానికి ఇంట్లో చూపించవచ్చు.

కైకలూరు నుంచి మావగారు వచ్చి ఉంటే వెంట తీసుకెళ్ళకండి. ఆయన ఒక వెదురుబద్ద, పది బారల దారం, ఇంత బెండుముక్క, తవ్విన వానపాములు పట్టుకుని పక్కన గొంతుక్కూర్చుని అరగంటలో మూడు చేపలు పడతాడు. తప్పక తీసుకెళ్తే, ఆయన చేపని ఒకటి అడిగి తీసుకుని, మీ రీలు పక్కన పెట్టి ఫొటో దిగండి. ఫొటో తీసేది ఆయనే కాబట్టి ఆయన అందులో ఉండడు.

11. చేప పడలేదంటే తప్పు మీది కాకూడదు.

నిన్న వాన పడింది. నిన్న వాన పడలేదు. నీళ్ళు మరీ తేటగా ఉన్నాయి. పున్నమి. పక్క పడవలో పిల్లలు అరిచారు. రీలుకి దిష్టి తగిలింది. ఈ ఆరింటినీ వారానికొకటిగా వాడండి. ఏడో వారానికి మొదటిది మళ్ళీ కొత్తగా ఉంటుంది.

చేప తెస్తానని ఇంట్లో మాటిచ్చి ఉంటే ఇండియన్ స్టోరు ఉండనే ఉంది. ఫ్రీజరులో వంజరం ముక్కలు తీసుకోండి. సముద్రపు చేప మంచినీళ్ళ సరస్సులో ఎలా పడిందని మీ ఆవిడ అడిగితే "వాతావరణం మారిపోతోంది కదా" అనండి. ముక్కలుగా ఎలా పడిందని అడిగితే రీలు చాలా పదునుగా ఉందనండి. ధర చీటీ పీకడం మాత్రం కారులోనే పూర్తి చెయ్యండి.

12. అమ్మేయండి.

ఈపాటికి రీలు తిరగదు, మెరుస్తుంది, ఒక స్పూలు పగిలింది. అమ్మడానికి ఇదే సరైన సమయం. ఫొటో మసగ్గా తియ్యండి. "భాగాలన్నీ ఉన్నాయి" అని రాయండి. కొన్ని రీలులో, కొన్ని ఆవాల్లో. "చివరిసారి వాడినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది" అనండి. చివరిసారి సరిగ్గా వాడింది ఆ పెద్దాయన కాబట్టి అది అబద్ధం కాదు. ఖరీదు మాత్రం మీరు పెట్టిన దానికి రెట్టింపు కొట్టండి. కబిని కథ రెండు పేరాల్లో కలపండి. మీ బావమరిదికి ఫోన్ చేసి ధర పెంచడానికి పాడమనండి. ఎంతవరకు పాడాలో ఈసారీ చెప్పకండి. ఆయనకే ఖరారవుతుంది. డబ్బు అడగలేరు, రీలు పంపకుండా ఉండలేరు. పోస్టు ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. రెండు స్క్రూలు తక్కువ కాబట్టి బరువు కొంచెం కలిసొస్తుంది.